ద్రాక్షతోట పక్కన ఇల్లు కొనాలంటే: లివర్‌మోర్‌లో ఉండేవాళ్ల మాట

ముందు మీ ప్రశ్న ఇంకోసారి చెప్తాను, ఇది చదివే మిగతావాళ్లకి కూడా అర్థమవుతుంది. మీ ఇద్దరివీ కాలిఫోర్నియాలోని శాన్ హొసేలో ఉద్యోగాలు. ఇద్దరు పిల్లలు. ఏటా కొన్ని నెలలు అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. ఇక్కడి గుడికి వచ్చినప్పుడల్లా మా ఊరు లివర్‌మోర్ నచ్చింది. ఊరికి దక్షిణాన, పెరటి గోడ దాటితే ద్రాక్షతోట కనిపించే ఇల్లొకటి చూశారు. ఈలోగా స్నేహితులు "అందరం కలిసి టెస్లా రోడ్డు వైపు 20 ఎకరాల తోట, ఇల్లు కొనేద్దాం, వైన్ కూడా చేద్దాం" అంటున్నారు. ఏది మంచిది, ఏం చూసుకోవాలి అని అడిగారు.

నా పని ఇళ్ల తనిఖీ. చాలాకాలంగా ఈ ఊళ్లోనే కాపురం. స్కూళ్ల రేటింగులు, ధరలు పెరుగుతాయా లాంటివి చెప్పడానికి మీకు వాట్సాప్ గ్రూపుల్లో వందమంది దొరుకుతారు, వాటి జోలికి నేను వెళ్లను. నేను చెప్పేది వాళ్లు సాధారణంగా వదిలేసే సంగతి. మీరు ఇల్లు చూసి ముచ్చటపడ్డారు. కానీ ఇలాంటి చోట ఇంటి కంటే ముందు పక్క పొలం కాగితాలు చూడాలి. ఆ తోట మీది కాదు. అది ఎవరిది, దాని మీద ఏ ఒప్పందం ఉంది, రేపు దాన్ని ఏం చేయొచ్చు అన్నదాన్ని బట్టే మీ వ్యూ, మీ నిద్ర, మీ ఇన్సూరెన్స్, చివరికి మీ ఇంటి ధర కూడా ఉంటాయి.

ఈ తోటలు ఇక్కడ ఎలా మిగిలాయో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. వైన్ అంటే నాపా, సొనోమా పేర్లు ఇప్పుడు మోగిపోతున్నాయి గానీ లివర్‌మోర్ కూడా పాత ఊరే. చార్లెస్ వెట్‌మోర్ 1882లో ఇక్కడ క్రెస్టా బ్లాంకా అనే వైనరీ (వైన్ తయారుచేసే చోటు) మొదలుపెట్టాడు. ఆ వైన్ 1889 పారిస్ ప్రదర్శనలో గ్రాండ్ ప్రి గెలిచింది. వైన్ చేసే రెండు కుటుంబాలు, వెంటే వాళ్లూ కాంకానన్ వాళ్లూ, 1883లో దిగాయి. 1952లో జాతీయ ప్రయోగశాల వచ్చింది, ఉద్యోగాలతో పాటు ఇళ్లూ వచ్చాయి, తోటలు కరగడం మొదలైంది. 1982లో లివర్‌మోర్ వ్యాలీకి ప్రత్యేక వైన్ ప్రాంతంగా ప్రభుత్వ గుర్తింపు వచ్చింది గానీ, గుర్తింపు బుల్డోజర్లను ఆపదు కదా. ఆపింది 1993లో అలమెడా కౌంటీ పెట్టిన సౌత్ లివర్‌మోర్ వ్యాలీ ప్లాన్, ఆ తర్వాత 2000లో ఓటర్లు ఆమోదించిన మెజర్ డి. ఊరి బయట భూమిని 100 ఎకరాల కన్నా చిన్న ముక్కలు చేయకూడదన్నారు. తోట వేసి, భూమిని శాశ్వతంగా సాగుకే అంకితం చేస్తే మాత్రం 20 ఎకరాల ముక్కలు చేసుకోనిచ్చారు. మీ స్నేహితులు చెప్తున్న "20 ఎకరాలు" అనే అంకె అక్కడి నుంచే వచ్చింది.

ఇప్పుడు మీరు చూసిన ఇంటి సంగతి. పెరటి గోడ అవతలి తోట మీద కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ (భూమిని సాగుకే ఉంచుతామని రాసిచ్చే కట్టుబాటు) ఉందా, లేక విలియమ్సన్ యాక్ట్ ఒప్పందం మాత్రమే ఉందా అన్నది మొదట కనుక్కోండి. ఏజెంట్లు చాలామంది రెండిటినీ కలిపేసి "అక్కడ ఎప్పటికీ ఇళ్లు రావండీ" అనేస్తారు. రెండూ ఒకటి కాదు. ఈజ్‌మెంట్ శాశ్వతం. ఇక్కడ ఎక్కువగా ట్రై-వ్యాలీ కన్జర్వెన్సీ అనే సంస్థ పేరు మీద ఉంటుంది, భూమి ఎంతమంది చేతులు మారినా దాంతోపాటే వెళ్తుంది. విలియమ్సన్ యాక్ట్ 1965 నాటిది. రైతు పదేళ్ల ఒప్పందం చేసుకుంటాడు, అది ఏటా దానంతటదే పొడిగింపవుతూ ఉంటుంది, బదులుగా ఆస్తిపన్ను తగ్గుతుంది. రైతు వద్దనుకుని నోటీసు ఇస్తే కొన్నేళ్లలో ఒప్పందం కరిగిపోతుంది. మీ ఇంటి టైటిల్ రిపోర్టులో పక్క పొలం సంగతి రాదు. టైటిల్ కంపెనీకి ఆ పొలం పార్సెల్ (భూమి ముక్క) నంబరు ఇచ్చి, దాని మీద రికార్డయిన పత్రాలు విడిగా అడగాలి. ఇబ్బందేమీ లేదు, అడిగేవాళ్లే తక్కువ.

ఈజ్‌మెంట్ ఉందని తేలినా ఒక మెలిక ఉంది. అది భూమిని సాగుభూమిగా ఉంచుతుందే తప్ప, ద్రాక్షతోటగానే ఉంచుతుందని ప్రతిసారీ నమ్మలేం. గత కొన్నేళ్లుగా వైన్ అమ్మకాలు పడిపోయాయి. కాలిఫోర్నియా అంతటా రైతులు తీగలు పీకేస్తున్నారు. 2024లో కొనేవాడు లేక పండు తీగ మీదే వదిలేసిన తోటలు బోలెడు. మీ పెరటి వెనక తోట రేపు ఆలివ్ చెట్లు కావచ్చు, ఎండుగడ్డి బీడు కావచ్చు. ఆలివ్ అయితే ఫర్వాలేదు. బీడయితే వ్యూ పోవడం చిన్న విషయం, అక్కడి నుంచి మంటల సంగతి మొదలవుతుంది. దానికి తర్వాత వస్తాను. ఆ తోట నడిపేదెవరు, పండు కొనే వైనరీతో కాంట్రాక్టు ఉందా అని పక్కింటివాళ్లని అడిగి చూడండి. ఇక్కడివాళ్లకి ఇలాంటి కబుర్లు చెప్పడం సరదా.

తోట పక్కన బతకడం ఎలా ఉంటుందంటే, ఏడాదిలో ఒక్కో కాలం ఒక్కోలా ఉంటుంది. ఏజెంట్ ఫోటోలు అక్టోబరులో తీసినవి, ఆకులు బంగారం రంగులో ఉంటాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ కనిపించేవి ఎండు మోళ్లు, ఇనుప తీగలే. మీ స్నేహితుడి నాన్నగారు ఒకప్పుడు రంగారెడ్డి జిల్లాలో ద్రాక్ష వేశారని రాశారు కదా, ఆయన ఇది చూస్తే ఆశ్చర్యపోతారు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్ష పందిళ్ల మీద తీగ పూర్తిగా నిద్రపోదు, ఏడాదికి రెండు కత్తిరింపులు చేసి ఒక పంట తీసేవారు. ఇక్కడ చలికి తీగ నిజంగానే పడుకుంటుంది. మార్చిలో చిగురేస్తుంది, మేలో పూత, ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా కోత.

చిగురేసిన దగ్గర్నుంచి పండు రంగు తిరిగే దాకా బూడిద తెగులు భయం. దానికి మందు గంధకం. వారం నుంచి రెండు వారాలకోసారి కొడతారు. గాలి లేని వేళ కావాలి కాబట్టి తెల్లవారుజామునే ట్రాక్టర్ వస్తుంది. మే నెలలో పొద్దున్నే తనిఖీకి వెళ్లిన ఒకింట్లో పడకగది కిటికీ బయటి గట్టు మీద వేలితో గీస్తే గీత పడేంత పసుపు పొడి ఉంది. ఏసీ బయటి యూనిట్ రెక్కల మధ్య, సోలార్ పలకల కింది అంచున అదే పొడి. ఇంటావిడ అది పూల పుప్పొడి అనుకుని ప్రతి వారం కడిగేస్తోంది. ఏమంత ప్రమాదం కాదు గానీ, పిల్లల్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే డాక్టర్‌ని అడక్కుండా ఈ ఇల్లు కొనకండి. ప్రభుత్వం 2025 మార్చిలో స్ప్రేడేస్ అని ఒక నోటీసుల వ్యవస్థ మొదలుపెట్టింది, మీ అడ్రసు ఇస్తే దగ్గర్లో మందు కొట్టేముందు మెసేజ్ వస్తుంది. అయితే అది నియంత్రిత జాబితాలో ఉన్న గట్టి మందులకే. గంధకానికి రాదు.

కోత రాత్రిపూట. పండు చల్లగా ఉండగానే వైనరీకి చేరాలి కాబట్టి అర్ధరాత్రి దాటాక ఫ్లడ్ లైట్లు వేసుకుని వస్తారు. చేత్తో కోసేవాళ్లయితే మాటలు, పాటలు, తొట్ల చప్పుడు. మిషన్ అయితే తీగను ఊపే మోత. కోతకు ముందు పిట్టలను తోలడానికి కొందరు గ్యాస్ ఫిరంగులు పెడతారు, పొద్దుటి నుంచి ఢాం ఢాం అంటాయి. నాపా వైపు అయితే వసంతంలో మంచు పడే రాత్రుల్లో పెద్ద ఫ్యాన్లు తిరుగుతాయి, హెలికాప్టర్ దిగినట్టే. పక్కనే వైనరీ ఉంటే శని ఆదివారాల్లో పెళ్లిళ్లు, మ్యూజిక్. వైనరీకి ఏడాదికి ఎన్ని కార్యక్రమాలకు అనుమతి ఉంది, మైకు ఎన్ని గంటలకు కట్టేయాలి అన్నది వాళ్ల యూజ్ పర్మిట్‌లో రాసుంటుంది. కౌంటీ ప్లానింగ్ ఆఫీసులో అడిగితే ఇస్తారు.

ఇవన్నీ భరించలేక తర్వాత కేసు వేద్దామంటే కుదరదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం మూడేళ్లకు మించి సరైన పద్ధతిలో సాగుతున్న వ్యవసాయాన్ని ఇబ్బందికరం అని కోర్టుకు లాగడం దాదాపు అసాధ్యం. సాగుభూమికి ఒక మైలు లోపల ఇల్లుంటే, అమ్మేవాళ్లు "రైట్ టు ఫార్మ్" నోటీసు ఇచ్చి తీరాలి. వంద పేజీల డిస్‌క్లోజర్ల మధ్య ఒక పేరా అది. ఫోన్లో వేలితో తోసేస్తూ సంతకం పెట్టేస్తారు అందరూ. ఆ ఒక్క పేరా మాత్రం ఆగి చదవండి. చట్టం తప్పని నేను అనను. మనకంటే ముందు వచ్చినవాడు రైతు.

ఇక మంటలు, ఇన్సూరెన్స్. ఇల్లు కొనడంలో డౌన్ పేమెంట్ కన్నా, వడ్డీ రేటు కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇప్పుడు ఇదే. తోటకి నీళ్లు పెడతారు, వరసల మధ్య గడ్డి దున్నేస్తారు కాబట్టి పచ్చగా ఉన్న ద్రాక్షతోట మంటను కొంత ఆపుతుంది, నిజమే. కానీ 2017 అక్టోబరులో సొనోమాలో టబ్స్ ఫైర్ అనే కార్చిచ్చు వచ్చినప్పుడు శాంటా రోజాలోని కాఫీ పార్క్ అనే మామూలు కాలనీ బూడిదైపోయింది. అది అడవిలో లేదు. ఆరు వరసల హైవే 101కి ఇవతల ఉంది. గాలికి నిప్పురవ్వలు రోడ్డు దాటి వచ్చి పడ్డాయి. ఆ మంటల్లో 22 మంది చనిపోయారు, 5,600కు పైగా కట్టడాలు పోయాయి. 2020 ఆగస్టులో పిడుగులతో లేచిన, ఎస్‌సీయూ అని పేరు పెట్టిన మంటలు మన లివర్‌మోర్‌కి దక్షిణాన కొండల్లో దాదాపు 4 లక్షల ఎకరాలు తగలబెట్టాయి. అదే ఏడాది పొగ వాసన పట్టి నాపాలో చాలా పండు వైన్‌కి పనికిరాకుండా పోయింది.

దాని ఫలితం మన జేబు మీద పడింది. 2023 మేలో స్టేట్ ఫామ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ కాలిఫోర్నియాలో కొత్త ఇళ్ల పాలసీలు తీసుకోవడం ఆపేసింది. మిగతావాళ్లూ వెనక్కి తగ్గారు. 2025లో రాష్ట్ర అగ్నిమాపక శాఖ కాల్ ఫైర్ కొత్త మంటల ప్రమాద మ్యాపులు వదిలింది, అంతకుముందు ప్రమాదం రంగు లేని వీధులకు కూడా ఇప్పుడు ఆ రంగు పడింది. అందుకని ఆఫర్ రాసేముందే, మళ్లీ చెప్తున్నా, ముందే, ఇంటి అడ్రసు ఇచ్చి ఇద్దరు ముగ్గురు బ్రోకర్ల దగ్గర ఇన్సూరెన్స్ కోట్ (ఎంత పడుతుందో రాసిచ్చే అంచనా) తెచ్చుకోండి. కాంట్రాక్టులో ఇన్సూరెన్స్ కంటింజెన్సీ (ఇన్సూరెన్స్ దొరక్కపోతే వెనక్కి తగ్గొచ్చనే షరతు) వదులుకోకండి. పోటీ ఎక్కువగా ఉందని ఏజెంట్ అన్నీ వదిలేయమంటారు. ఇన్‌స్పెక్షన్ వదిలేసినా ఏదోలా నెట్టుకురావచ్చు (నా నోటితో నేనే ఈ మాట అంటున్నానంటే చూడండి), ఇన్సూరెన్స్ దొరకకపోతే బ్యాంకు అప్పే ఇవ్వదు. ఆ ఇంటి మీద పాత క్లెయిములు చూపించే క్లూ రిపోర్టు అమ్మేవాళ్లని అడగండి. అది ఇంటి ఓనరుకు ఉచితంగానే వస్తుంది.

ఎవరూ ఇవ్వకపోతే ఫెయిర్ ప్లాన్ ఉంది. దాన్ని గవర్నమెంట్ ఇన్సూరెన్స్ అనుకుంటారు చాలామంది. కాదు, రాష్ట్రంలోని కంపెనీలన్నీ చట్టప్రకారం కలిసి నడిపే ఆఖరి దారి. ఇంటికి 30 లక్షల డాలర్ల వరకు ఇస్తుంది. అయితే మంట, పొగ, పిడుగు లాంటి కొన్నిటికే. పైపు పగిలినా, దొంగలు పడ్డా, మీ గుమ్మంలో ఎవరైనా జారిపడి కేసు వేసినా దాంట్లో రాదు. వాటికి డిఫరెన్స్ ఇన్ కండిషన్స్ అనే ఇంకో పాలసీ జత చేసుకోవాలి. భూకంపానికి మళ్లీ వేరే. ఇక్కడ గ్రీన్‌విల్ ఫాల్ట్ అనే భూమి పగులు ఉంది, 1980 జనవరిలో 5.8 తీవ్రతతో కదిలింది కూడా. మీ బడ్జెట్‌లో ఒక పాలసీ లెక్కేసుకుని ఉంటే, రెండో మూడో అవుతాయని ముందే అనుకోండి.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గ్రానైట్ వంటగట్టు చూడ్డం అయ్యాక బయటికి రండి. చూరు కిందా, అటకకూ ఉన్న గాలి జాలీలు చూడండి. రంధ్రాలు ఎనిమిదో వంతు అంగుళం కన్నా పెద్దవైతే నిప్పురవ్వ లోపలికి వెళ్తుంది. గోడకి ఆనించిన చెక్క కంచె ఉందా, గోడ చుట్టూ అయిదడుగుల లోపు బెరడు ముక్కలు, ఎండిన పొదలు ఉన్నాయా చూడండి. ఇళ్లు తగలబడేది ఎక్కువగా మంట వచ్చి తాకి కాదు, ఇలాంటి చోట రవ్వ పడి. 2010కి ముందు కట్టిన ఇల్లు ఎక్కువ ప్రమాదం ఉన్న జోన్‌లో ఉంటే, ఇలాంటి లోపాలేమున్నాయో చెప్తూ అమ్మేవాళ్లు ఒక పత్రం ఇవ్వాలని 2021 నుంచి చట్టం ఉంది. అడిగి తీసుకోండి. వీటిలో చాలావాటిని కొన్న తర్వాత తక్కువ ఖర్చుతో బాగుచేసుకోవచ్చు, కోట్ కూడా కొంత దిగొచ్చు.

స్నేహితులు చెప్తున్న 20 ఎకరాల సంగతి వేరే లోకం. ఊళ్లో ఇంటికి మున్సిపల్ నీళ్లు, డ్రైనేజీ ఉంటాయి. బయట చాలాచోట్ల బోరు, సెప్టిక్ ట్యాంకు. మనవాళ్లకి బోరు కొత్త కాదు గానీ, ఇక్కడ చూసే పద్ధతి వేరు. పంపు ఆన్ చేసి నాలుగు గంటలు ఆపకుండా వదలాలి. మొదటి అరగంట ఏ బోరైనా బాగానే పోస్తుంది. రెండో గంట దాటాక గొట్టంలో బుసబుసమని గాలి వస్తే, ధార సన్నబడి బకెట్ నిండటానికి పట్టే టైం పెరుగుతూ పోతే, అప్పుడు తెలుస్తుంది అసలు కథ. నిమిషానికి 3 నుంచి 5 గాలన్లు నిలకడగా వస్తే ఇంటికి సరిపోతుంది, పక్కన పెద్ద నిల్వ ట్యాంకు ఉండాలి. కరెంటు పోతే పంపు ఆగిపోతుందని గుర్తుంచుకోండి. 2019 అక్టోబరులో మంటల భయంతో కరెంటు కంపెనీ పీజీ అండ్ ఈ లైన్లు కట్టేసినప్పుడు బోర్లున్న ఇళ్లలో దీపాలే కాదు, నీళ్లూ పోయాయి. జెనరేటరో బ్యాటరీయో తప్పదు.

నీళ్ల పరీక్షలో నైట్రేట్ తప్పకుండా చూపించండి. లివర్‌మోర్‌లో గ్రీన్‌విల్, బ్యూనా విస్టా, మైన్స్ రోడ్డు వైపు భూగర్భజలంలో నైట్రేట్ ఎక్కువని జోన్ 7 నీటి సంస్థ, కౌంటీ ఎప్పట్నుంచో గుర్తించిన సంగతే. నైట్రోజన్ లెక్కన లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు, పసిపిల్లలకి మరీ ప్రమాదం. మన ఇళ్లలో నీళ్లు కాచి చల్లార్చి తాగితే ఏమీ కాదనే నమ్మకం ఉంది కదా, నైట్రేట్ విషయంలో అది తిరగబడుతుంది. మరిగేకొద్దీ చిక్కబడుతుంది. ఆర్‌వో ఫిల్టర్ పెడితే తగ్గుతుంది. ప్రయోగశాల చుట్టుపక్కల అయితే ఇంకో ప్రశ్న. అక్కడి భూగర్భజలంలో పాత రసాయనాల వల్ల 1987 నుంచి ఆ చోటు సూపర్‌ఫండ్ (కేంద్రం శుద్ధి చేయించే కలుషిత స్థలాల) జాబితాలో ఉంది, నీళ్లు తోడి శుద్ధి చేస్తూ ఉంటారు. మున్సిపల్ నీళ్లున్నవాళ్లకి దాంతో పనిలేదు, బోరున్నవాళ్లు మాత్రం మ్యాపు చూసుకోవాలి.

సెప్టిక్ ట్యాంకు పడకగదుల లెక్కన కడతారు, మన బంధువుల లెక్కన కాదు. నాలుగు పడకగదుల ఇంటికి నాలుగు పడకగదుల ట్యాంకే ఉంటుంది, గృహప్రవేశానికి వందమంది వస్తే దానికి తెలీదు. మూత తీయించి, లోపల మట్టం చూపించి, నీరు ఇంకే చోట నేల తడిగా ఉందేమో నడిచి చూడండి. వేపుడు నూనె, డిస్పోజల్‌లో రుబ్బిన వంటింటి చెత్త దానికి శత్రువులు. మూడు నుంచి అయిదేళ్లకోసారి ఖాళీ చేయించాలి.

తోటకి నీళ్లు ఇంకో లెక్క. దక్షిణ లివర్‌మోర్ తోటలు చాలావరకు జోన్ 7 ఇచ్చే శుద్ధి చేయని కాలువ నీటి మీద బతుకుతాయి. ఆ నీరు సౌత్ బే కాలువలో ఉత్తరాది నుంచి వస్తుంది. కరువొచ్చిన 2021, 2022లో రాష్ట్ర నీటి ప్రాజెక్టు తన వాటాదార్లకు చివరికి ఇచ్చింది 5 శాతమే. కొనబోయే భూమికి ఆ నీటి కనెక్షన్ ఉందా, ఒప్పందం కొత్త ఓనరుకు బదిలీ అవుతుందా అన్నది రాతపూర్వకంగా తెచ్చుకోండి. నోటిమాట పనికిరాదు.

నలుగురు కలిసి కొంటే నాలుగు ఇళ్లు కట్టుకుందామనుకుంటున్నారేమో. అది కుదరదు. పార్సెల్‌కి ఒకటే ప్రధాన ఇల్లు, అదీ గీసిచ్చిన రెండెకరాల చోటులోపలే. మిగతాది సాగు. ఎల్‌ఎల్‌సీ అనే తరహా కంపెనీ పెడతారా, ఉమ్మడి పేర్ల మీద తీసుకుంటారా, ఒకరు బయటికెళ్తానంటే వాటా ధర ఎలా కడతారు అన్నది లాయరు దగ్గర కూర్చుని రాసుకోకపోతే స్నేహం మిగలదు.

వైన్ లెక్క చెప్తాను, మీరే చూసుకోండి. ఎకరానికి సుమారు వెయ్యి తీగలు. మొదటి పంట మూడో ఏడు. (కొత్త తీగలకు మొదటి మూడేళ్లు ఆస్తిపన్ను ఉండదు, కాలిఫోర్నియా రాజ్యాంగంలోనే ఉంది ఆ వెసులుబాటు.) ఎకరానికి మూడు నాలుగు టన్నులు పండిందనుకుందాం. టన్ను పండు నుంచి దాదాపు 700 సీసాలు వస్తాయి. అంటే పదహారు పద్దెనిమిది ఎకరాల తోట నుంచి ఏటా సుమారు 34 వేల నుంచి 50 వేల సీసాల దాకా. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో సొంతానికి ఏడాదికి 200 గాలన్లు చేసుకోవచ్చు, అంటే సుమారు వెయ్యి సీసాలు. ఒక్క సీసా అమ్మాలన్నా కేంద్రం నుంచి పర్మిట్, రాష్ట్రం నుంచి వైనరీ లైసెన్స్ కావాలి. కాబట్టి పండు అమ్ముకోవాలి. కొనేవాడు ముందే కాంట్రాక్టు రాసిస్తే సరే, లేకపోతే ఇందాక చెప్పినట్టు తీగ మీదే వదిలేయాల్సిన రోజులివి. కత్తిరింపు, మందులు, కోత అన్నీ తోటల నిర్వహణ కంపెనీలకు ఇస్తే ఆ బిల్లు పండు అమ్మినా అమ్మకపోయినా వస్తుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, వారాంతాల్లో చూసుకునే పని కాదది. నా అభిప్రాయం అడిగితే, ఊళ్లో ఇల్లు తీసుకోండి. స్నేహితులకి మరీ సరదాగా ఉంటే ఎవరి పెరట్లో వాళ్లు రెండు వరసలు వేసుకోమనండి.

వాస్తు గురించి మీరు అడగలేదు గానీ అమ్మానాన్నలు అడుగుతారు. తూర్పు ముఖం ఇల్లంటే పెరడు పడమటికి తిరుగుతుంది. తోట అటే ఉందనుకోండి, జులైలో వంద డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన సాయంత్రం అయిదింటికి ఆ వ్యూ చూడ్డానికి తెర తీయలేరు. పడమటి వైపు వరండాకి పైకప్పు ఉందా, ఏసీ వయసెంత అని చూడండి. చీకటిపడ్డాక మాత్రం అఖాతం వైపు నుంచి చల్లగాలి వస్తుంది. ద్రాక్షకి కావలసింది కూడా ఆ పగటి వేడి, రాత్రి చలువే. పొగ రోజుల కోసం ఏసీలో మెర్వ్ 13 అనే సన్నరకం ఫిల్టరు పట్టే చోటుందేమో కనుక్కోండి.

నాన్నగారు పొద్దున్నే నడుస్తారంటే, టెస్లా రోడ్డు మీద ఫుట్‌పాత్ లేదు, కార్లు వేగంగా పోతాయి. సైకమోర్ గ్రోవ్ పార్కు బాగుంటుంది, తోటల పక్క నుంచే దారి. వేసవిలో తాచు కాదు గానీ గిలకపాము కనిపిస్తుంది, దారి మధ్యలో నడవమనండి. గుడి హైవే 580కి ఉత్తరాన ఉంది, తోటలు దక్షిణాన. కారు లేకుండా వెళ్లే దూరం కాదు.

రోజూ శాన్ హొసే వెళ్లాలంటే ఏస్ రైలు గురించి తెలుసుకోండి. పొద్దున అటు, సాయంత్రం ఇటు, పనిరోజుల్లో మాత్రమే. రైలు తప్పితే కారులో హైవే 680 మీద సునోల్ దగ్గరి కొండ ఎక్కుడు. బార్ట్ అనే మెట్రో రైలు 1997లో పక్క ఊళ్లు డబ్లిన్-ప్లెజంటన్ దాకా వచ్చి ఆగింది. లివర్‌మోర్ పొడిగింపును 2018లో వాళ్ల బోర్డే వద్దంది. అందుకని "బార్ట్ వస్తోంది, ధర పెరుగుతుంది" అని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి.

ఆస్తిపన్ను కొన్న ధర మీద ఒక శాతం, దానికి లోకల్ బాండ్లు. ఏటా మదింపు 2 శాతానికి మించి పెరగదు. కొన్న కొన్ని నెలలకు సప్లిమెంటల్ (అదనపు పన్ను) బిల్లు విడిగా పోస్టులో వస్తుంది, బ్యాంకు పన్నుల కోసం పక్కన పెట్టే ఎస్క్రో డబ్బులో అది ఉండదు, మీరే కట్టాలి.

చివరగా మొక్కలు. ఊరి నుంచి ద్రాక్ష కొమ్మ సూట్‌కేసులో తేవొద్దని మీ స్నేహితుడి నాన్నగారికి గట్టిగా చెప్పండి. అది నిషేధం, పట్టుకుంటే జరిమానా. ఒక్క పురుగు, ఒక్క వైరస్ చాలు ఇక్కడి తోటలు చిక్కుల్లో పడటానికి. కరివేపాకు మొక్క కూడా అంతే. ఆకు మీద ఏషియన్ సిట్రస్ సిల్లిడ్ అనే చిన్న పురుగు ఉంటుంది, నిమ్మ, నారింజ చెట్లను చంపే జబ్బును అది మోస్తుంది. దాని కోసం కౌంటీల వారీగా క్వారంటైన్లు పెట్టారు. శాన్ హొసేలో మీ పెరట్లో పెంచిన చెట్టును ఇల్లు మారేటప్పుడు ట్రక్కులో ఎక్కించేముందు అలమెడా కౌంటీ వ్యవసాయ కమిషనర్ ఆఫీసుకి ఫోన్ చేయండి. వద్దంటే ఇక్కడ లైసెన్స్ ఉన్న నర్సరీలో కొత్తది కొనుక్కోండి. ఎండకి బాగానే వస్తుంది, చలికాలంలో రాత్రిళ్లు మాత్రం కుండీని లోపల పెట్టుకోవాలి.